హౌరా బొటానికల్ గార్డెన్‌లో అమ్మతో ఒక రోజు: ఎలా గడిపితే బాగుంటుంది?

ఉప్పుటేరు
అందరికీ నమస్కారం. డిసెంబరులో అమ్మనీ, మా అబ్బాయినీ తీసుకుని కోల్‌కతా వెళ్తున్నాను. కాళీఘాట్, దక్షిణేశ్వర్, బేలూరు మఠం చూశాక ఒక రోజు పూర్తిగా చేతిలో ఉంటుంది. ఆ రోజు ఎక్కడికీ పరుగులు పెట్టకుండా శిబ్‌పూర్‌లోని బొటానికల్ గార్డెన్‌లో ఉండిపోదామని నా కోరిక. అమ్మకి మోకాళ్ళ నొప్పులు, ఎక్కువ దూరం నడవలేదు. కానీ చెట్టంటే ప్రాణం. కాండం చూసి, ఆకు చూసి పేరు చెప్పేస్తుంది. అబ్బాయికి ఎనిమిదేళ్ళు, వాడికి మర్రిచెట్టు ఒక్కటి చూపిస్తే చాలంటున్నాడు.

తోట 270 ఎకరాలకు పైనే అని చదివాక కొంచెం టెన్షన్ పట్టుకుంది. పొద్దున్నుంచి సాయంత్రం దాకా అక్కడ హాయిగా కూర్చోగలమా? ఏది చూడాలి, ఏది వదిలేయాలి? వెళ్ళొచ్చినవాళ్ళు దయచేసి చెప్పండి.

శిబ్‌పూర్ వాసి
ఉప్పుటేరు గారూ, మేము ఈ తోటకి దగ్గర్లోనే ఉంటాం. ముందు ముఖ్యమైనవి చెప్పేస్తాను.

సోమవారం తోటకి సెలవు. బేలూరు, దక్షిణేశ్వర్ ఆ రోజుకి పెట్టుకోండి. ఇక్కడ బస్సుల వాళ్ళూ టోటోల (బ్యాటరీ రిక్షాల) వాళ్ళూ దీన్ని "బి గార్డెన్" అంటారు. ఇప్పుడున్న అధికారిక పేరు ఆచార్య జగదీశ్ చంద్రబోస్ భారత వృక్షోద్యానం. 2009లో ఆ పేరు పెట్టారు గానీ, బస్సులో అది చెప్తే కండక్టర్‌కి తెలియదు. హౌరా స్టేషన్ నుంచి బస్సులున్నాయి. మీరు కోరమాండల్ ఎక్స్‌ప్రెస్‌లో వస్తే అది ఇప్పుడు షాలిమార్ స్టేషన్‌కే వస్తుంది. అక్కడి నుంచి తోట ఇంకా దగ్గర.

మర్రిచెట్టు గేటు పక్కన ఉండదు. లోపలికి కిలోమీటరు పైగా వెళ్ళాలి. బ్యాటరీ బండ్లు తిరుగుతాయి కానీ మనకి కావలసిన వేళకి దొరుకుతాయని నమ్ముకోకూడదు. గేటు దగ్గరే అడిగి, బండి ఉంటే అమ్మగారిని ముందు మర్రిచెట్టు దగ్గరికి చేర్చండి. ఆ తర్వాత నెమ్మదిగా వెనక్కి నడుచుకుంటూ రావచ్చు. ఆ దారిలో చెరువులూ బెంచీలూ ఉన్నాయి.

లోపల పిక్నిక్‌లు పెట్టనివ్వరు, ప్లాస్టిక్ తీసుకెళ్ళనివ్వరు. స్టీలు సీసాలో నీళ్ళు పట్టుకోండి, గేటు బయట కడుపు నిండా తిని లోపలికి వెళ్ళండి. దోమల మందు మాత్రం మర్చిపోవద్దు. చలికాలంలో కూడా చెరువు గట్టు మీద దోమలు ఉంటాయి.

రైల్వే క్వార్టర్స్
మాది ఖరగ్‌పూర్. చిన్నప్పటి నుంచి వస్తూనే ఉన్నాం. నా సలహా: అంత దూరం వచ్చి ఒక్క మర్రిచెట్టు చూసి వెళ్ళకండి. పెద్ద పామ్ హౌస్, కాక్టస్ హౌస్, జంట కొబ్బరి, కొమ్మలు వేసే తాటిచెట్టు, పిచ్చి చెట్టు, నాగలింగం, మహాగని చెట్ల దారి, కిడ్ స్మారకం, హుగ్లీ ఒడ్డున రాక్స్‌బర్గ్ ఇల్లు, విక్టోరియా కలువలు. ఇవన్నీ కాగితం మీద రాసుకుని ఒక వరసలో తిరిగితే మధ్యాహ్నానికి అయిపోతాయి. మళ్ళీ ఎప్పుడొస్తారో ఏమో. వచ్చినప్పుడే చూసేయాలి.

శిబ్‌పూర్ వాసి
రైల్వే క్వార్టర్స్ గారూ, కుర్రవాళ్ళకి మీ ప్లాన్ బాగుంటుంది. మోకాళ్ళ నొప్పులున్న పెద్దావిడకి అది శిక్ష అవుతుంది. ఆవిడ చెట్టు ముందు నిలబడి చూసే మనిషి. ఒక్కో చెట్టుకి రెండు నిమిషాలు ఇచ్చి "పద పద" అంటే ఏం చూసినట్టు? నన్నడిగితే మర్రిచెట్టు ఒకటి, ఏదో ఒక చెరువు ఒకటి, నది ఒడ్డు ఒకటి. ఈ మూడింటికీ రోజు చాలదు. మిగతావి దారిలో ఎదురైతే చూడాలి, లేకపోతే లేదు.

నది ఒడ్డున కూర్చుంటే అవతల గార్డెన్ రీచ్, మెటియాబుర్జ్ కనిపిస్తాయి. 1856లో లక్నో నుంచి వచ్చేసిన నవాబు వాజిద్ అలీ షా తన చివరి రోజులు గడిపింది అక్కడే. పడవలు, ఓడలు పోతూ ఉంటాయి. పిల్లాడికి దానికంటే ఏం కావాలి.

ఆకుపసరు
ఈ చర్చ చూసి ఉండబట్టలేక రాస్తున్నాను. నేను డిగ్రీ కాలేజీలో బోటనీ చెప్పి రిటైరయ్యాను. ఉప్పుటేరు గారి పేరు చూస్తే కాకినాడ వైపు వారేమో అనిపిస్తోంది. అదే అయితే ఈ తోటకీ మీ ఊరి పక్కనున్న సామర్లకోటకీ ఉన్న సంబంధం తెలుసుకుని వెళ్ళండి. అప్పుడు ఆ తోట పరాయి తోటలా అనిపించదు.

తోట పెట్టింది 1787లో. పెట్టించింది ఈస్టిండియా కంపెనీ సైన్యంలో ఉన్న రాబర్ట్ కిడ్. 1770 నాటి బెంగాల్ కరువు ఆయన మనసులో ఉంది. సగ్గుచెట్టు, ఖర్జూరం లాంటివి తెచ్చి పెంచితే కరువులో జనానికి తిండి దొరుకుతుందని ఆయన వాదన. కంపెనీకి కావలసింది ఓడలకి టేకు కలప, వ్యాపారానికి సుగంధ ద్రవ్యాలు. రెండూ కలిసి తోట వచ్చింది. టేకు ఆ నేలలో సరిగా రాలేదు. టేకు వేసిన భూమిలో కొంత 1820లో బిషప్స్ కాలేజీకి ఇచ్చేశారు. తర్వాత అక్కడికి ఇంజినీరింగ్ కాలేజీ వచ్చింది. తోట పక్కన ఇప్పుడు మీకు కనబడే శిబ్‌పూర్ ఐఐఈఎస్‌టీ అదే.

1793లో కిడ్ పోయాడు. ఆ ఏడే తోట బాధ్యత తీసుకున్నవాడు విలియం రాక్స్‌బర్గ్. అంతకు ముందు పన్నెండేళ్ళ పాటు ఆయన ఉన్నది సామర్లకోటలో. అక్కడ కంపెనీ వైద్యుడు. కాఫీ, మిరియం, మల్బరీ, నీలిమందు అన్నీ అక్కడ పెంచి చూశాడు. రాజమండ్రి వైపు కొండల్లో అడవి మిరియం తీగలు చూసి, వాటిని తెచ్చి తోటలో నాటించాడు. ఏటికొప్పాక బొమ్మలు చేసే అంకుడు కర్ర తెలుసు కదా, ఆ చెట్టు ఆకుల నుంచి నీలిరంగు ఎలా తీయాలో ప్రయోగాలు చేశాడు. 1787లో మన తీరాన్ని ముంచేసిన తుఫాను వరదలో ఆయన పుస్తకాలు, కాగితాలు, ఎండబెట్టిన మొక్కలు పోయాయి. మళ్ళీ మొదటి నుంచి మొదలుపెట్టాడు.

కోరమాండల్ తీరం మొక్కల మీద ఆయన చేసిన బొమ్మల పుస్తకం 1795 నుంచి 1820 దాకా విడతలుగా వచ్చింది. 300 బొమ్మలు. చాలా మొక్కలకి మన వాళ్ళు పిలిచే తెలుగు పేర్లు కూడా పక్కనే రాసుకున్నాడు. అంటే గోదావరి జిల్లా రైతులూ, కొండల్లోని వాళ్ళూ చెప్పిన మాటలు ఆయన చేతిలో కలకత్తా దాకా వెళ్ళాయి. నది ఒడ్డున ఉన్న ఆ పాత ఇంటి ముందు అమ్మగారిని కూర్చోబెట్టి ఈ కథ చెప్పండి. నేను వెళ్ళినప్పుడల్లా అక్కడే ఎక్కువసేపు ఉంటాను.

చింతతోపు
ఆకుపసరు గారూ, మీ మీద గౌరవంతోనే ఒక మాట. ఈ తోటలని ఇంత ప్రేమగా చెప్పుకోవడం నాకు కష్టంగా ఉంటుంది. ఇవి కంపెనీ లాభం కోసం పెట్టిన ప్రయోగశాలలు. చైనా తేయాకు విత్తనాలు ఇక్కడికొచ్చాయి, ఇక్కడి నుంచి తోటలకి వెళ్ళాయి, ఆ తేయాకు తోటల్లో కూలీల బతుకులు ఏమయ్యాయో మనకి తెలుసు. నీలిమందు సంగతి చెప్పనే అక్కర్లేదు. మొక్కల పేర్లు చెప్పిన రైతు పేరు ఎక్కడా లేదు, రాక్స్‌బర్గ్ పేరు మాత్రం వందల మొక్కల వెనక ఉంది. హాయిగా కూర్చోవడానికి వెళ్ళేవాళ్ళకి ఇది కూడా తెలియాలి కదా.

ఆకుపసరు
చింతతోపు గారూ, మీరన్నదాంట్లో ఒక్క మాట కూడా కాదనలేను. అంతకంటే బాధ ఇంకోటి ఉంది. రాక్స్‌బర్గ్ దగ్గర పనిచేసిన చిత్రకారులు మనవాళ్ళే. వాళ్ళు వేసిన మొక్కల బొమ్మలు 2,500 పైచిలుకు. ఒక సెట్టు ఇంగ్లండ్‌లో క్యూ (Kew) అనే చోటున్న బొటానికల్ గార్డెన్‌లో ఉంది, ఒకటి ఇక్కడ ఉంది. అంత పని చేసినవాళ్ళలో ఎవరి పేరూ జనానికి తెలియదు. బోటనీ చెప్పిన ఇన్నేళ్ళూ క్లాసులో ఈ మాట చెప్తూనే ఉన్నాను.

అయినా తోటని నేను ప్రేమిస్తాను. కంపెనీ పోయింది, చెట్లు మిగిలాయి. ఇప్పుడు ఆ తోట బొటానికల్ సర్వే ఆఫ్ ఇండియా చేతిలో ఉంది. పక్కనే ఉన్న జాతీయ హెర్బేరియంలో దాదాపు 20 లక్షల ఎండు మొక్కల నమూనాలు భద్రంగా ఉన్నాయి. ఒక మొక్క మన అడవుల్లో ఒకప్పుడు ఉండేదా, ఎక్కడ ఉండేది, అని తెలుసుకోవాలంటే ఇవాళ మన పిల్లలే అక్కడికి వెళ్ళి చూస్తున్నారు. పేరు లేని ఆ చిత్రకారుల పని కూడా అలా మనకే పనికొస్తోంది.

చింతతోపు
సరే అండి. చిత్రకారుల సంగతి నాకు తెలియదు. వెళ్ళేవాళ్ళు పిల్లలకి ఆ ముక్క కూడా చెప్తే బాగుంటుంది.

కదిరి పిల్ల
అక్కా, మీ అబ్బాయికి మర్రిచెట్టు కావాలంటే అంత దూరం ఎందుకు, మా తిమ్మమ్మ మర్రిమాను చూపించు! కొమ్మల విస్తీర్ణంలో 1989లో గిన్నిస్ రికార్డు మాదే. మా ఊళ్ళో ఎవరూ దాన్ని చెట్టు అనరు, గుడి అంటారు. పిల్లలు లేనివాళ్ళు మొక్కుకుని పోతారు. హౌరా చెట్టు పెద్దదని అందరూ అంటుంటే నాకు ఒప్పుకోబుద్ధి కాదు.

శిబ్‌పూర్ వాసి
కదిరి పిల్ల గారూ, తిమ్మమ్మ మర్రిమాను గొప్పదనం ఒప్పుకుంటాను, పోటీ పెట్టను. కానీ హౌరా మర్రిలో చూడవలసింది సైజు కాదు. ఆ చెట్టుకి నడిమి మాను లేదు.

1864లో, 1867లో వచ్చిన తుఫాన్లు తోటని నేలమట్టం చేశాయి. మర్రి కొమ్మలు విరిగాయి. ఆ గాయాల్లోంచి బూజు తెగులు లోపలికి పాకింది. చివరికి తల్లి మాను కుళ్ళిపోవడంతో 1925లో దాన్ని కోసి తీసేశారు. అప్పటికే ఊడలు దిగి నేలలో పాతుకున్నాయి కాబట్టి చెట్టు చావలేదు. ఆ ఊడలే మానులై నిలబడి వందేళ్ళుగా కొమ్మల్ని మోస్తున్నాయి. ఇప్పుడు 3,000 పైచిలుకు ఊడలున్నాయి, నాలుగెకరాలకు పైగా నేల దాని కిందే ఉంది. దూరం నుంచి చూస్తే చెట్టులా ఉండదు, అడవిలా ఉంటుంది. దాని చుట్టూ 330 మీటర్ల రోడ్డు వేశారు. చెట్టు ఆ రోడ్డుని కూడా దాటి పాకిపోయింది.

అమ్మగారికి నచ్చేది ఇంకోటి చెప్తాను. కొత్తగా దిగుతున్న లేత ఊడలకి చీల్చిన వెదురు గొట్టాలు కట్టి, లోపల మట్టి పోసి, నేల దాకా తీసుకొస్తారు. ఏ ఊడ ఎక్కడ దిగాలో తోటమాలులు చూసుకుంటారు. గాలి ఎటు నుంచి కొడుతుంది, ఏ కొమ్మకి ఆసరా తక్కువగా ఉంది, అన్నీ లెక్క వేసి కడతారు. 2020 మే నెలలో ఆంఫన్ తుఫాను వచ్చినప్పుడు తోటలో వందల చెట్లు పడిపోయాయి, ఈ మర్రికి కూడా దెబ్బ తగిలింది. మర్నాడు ఆ వార్త విని మా వీధిలో పెద్దవాళ్ళు ఏడ్చారు. ఇప్పుడు వెళ్తే ఆ వైపు కొత్త ఊడలు దిగుతూ కనిపిస్తాయి.

చుట్టూ కంచె ఉంటుంది, కిందికి వెళ్ళనివ్వరు. రోడ్డు మీద నుంచే చూడాలి. ఆకు తుంచకండి, రాలినది ఏరుకుంటే చాలు.

కదిరి పిల్ల
తల్లి మాను లేదని నాకు తెలియదన్నా. చదువుతుంటే ఒళ్ళు జలదరించింది. మా చెట్టు దగ్గర కూడా లేత ఊడలకి ఇట్లనే ఆసరా కడతారేమో అడిగి చూస్తా.

మంచుపువ్వు
మధ్యలో వస్తున్నందుకు ఏమనుకోకండి. పిల్లాడిని ఆకు మీద కూర్చోబెట్టే పెద్ద కలువలు ఉంటాయి కదా, అవి డిసెంబరులో కనిపిస్తాయా? ఇంకోటి, జంట కొబ్బరి సంగతి ఎవరైనా చెప్పండి. అది నిజంగా అంత అరుదా?

ఆకుపసరు
కలువల సంగతి ముందు. విక్టోరియా కలువ దక్షిణ అమెరికాది, వేడి నీళ్ళు కావాలి. వానాకాలంలో, ఆ తర్వాత కొన్నాళ్ళు జోరుగా ఉంటుంది. చలి ముదిరేకొద్దీ ఆకులు తగ్గుతాయి. డిసెంబరులో మిగిలి ఉన్నవి చూడొచ్చు గానీ, నిండు చెరువు చూడాలంటే ముందుగా వెళ్ళాలి. ఆకు అడుగున ముళ్ళు, బలమైన ఈనెలు ఉంటాయి, అందుకే అంత బరువు మోస్తుంది. పువ్వు మొదటి సాయంత్రం తెల్లగా విచ్చుకుని, వాసనతో పేడపురుగుల జాతి పురుగుల్ని రప్పించుకుంటుంది. రాత్రికి ముడుచుకుని వాటిని లోపలే ఉంచేస్తుంది. రెండో సాయంత్రం గులాబీ రంగులో విచ్చుకునే వేళకి వాటి ఒంటి నిండా పుప్పొడి. అవి ఎగిరి మరో తెల్లపువ్వు మీద వాలతాయి. ఎనిమిదేళ్ళ పిల్లాడికి చెప్పాల్సిన కథ ఇది.

అసలు ఆ చెరువులు ఎలా వచ్చాయో కూడా చెప్తాను. రెండు తుఫాన్ల తర్వాత తోట బోసిపోయింది. 1871లో తోట అధికారిగా వచ్చిన జార్జ్ కింగ్ దాన్ని మళ్ళీ కట్టాడు. చెరువులు తవ్వించి, ఆ మట్టితో పల్లపు నేల మెరక చేయించాడు. చెరువుల్ని ఒకదానితో ఒకటి భూమిలో గొట్టాలతో కలిపి, హుగ్లీకి కలిపాడు. మీరు ఇవాళ నడిచే ఒంపుల దారులు చాలా వరకు ఆయనవే. అంతకు ముందు 1840ల్లో తోట బాధ్యత చూసిన విలియం గ్రిఫిత్ చెట్లని శాస్త్ర వర్గీకరణ ప్రకారం వరసలో పెడతానని పాత నీడచెట్లు చాలా నరికించాడు. 1848లో ఇంగ్లిష్ వృక్షశాస్త్రవేత్త జోసెఫ్ హుకర్ వచ్చి చూసి ఎంతో నొచ్చుకున్నాడు. నేను కూడా హుకర్ వైపే. నీడ లేని తోటలో ఎవరు కూర్చుంటారు?

జంట కొబ్బరి సీషెల్స్ దీవులది. ప్రపంచంలో అన్నిటికంటే పెద్ద విత్తనం దానిదే. ఇక్కడి చెట్టు 1894లో నాటినది. ఆడచెట్టు. పూతకి రావడానికి తొంభై ఏళ్ళకు పైగా పట్టింది. మగచెట్టు దగ్గర్లో లేదు కాబట్టి పుప్పొడి బయటి దేశాల నుంచి తెప్పించారు. శ్రీలంక నుంచి తెచ్చినదానితో ఫలితం రాలేదు, 2013లో థాయ్‌లాండ్ పుప్పొడితో కాయ నిలిచింది. ఆ చెట్టు కోసం కొన్ని తరాల శాస్త్రవేత్తలు కాచుకుని కూర్చున్నారు. అరుదా అంటే, ఇంతకంటే అరుదైనది నేనైతే చూడలేదు.

రైల్వే క్వార్టర్స్
ఇందుకే జంట కొబ్బరిని లిస్టులో పెట్టాను. ఉప్పుటేరు గారూ, మిగతావి వదిలేసినా పిచ్చి చెట్టు దగ్గర మాత్రం ఆగండి. ఒక ఆకులా ఇంకో ఆకు ఉండదు. పిల్లాడికి రాలిన ఆకులు ఏరి పోల్చి చూడమనండి, గంట గడిచిపోతుంది.

ఉప్పుటేరు
వెళ్ళొచ్చాం! అందరికీ పేరు పేరునా కృతజ్ఞతలు. వివరంగా రాస్తాను, ఇంకొకరికి పనికొస్తుంది.

తెరవగానే లోపలికి వెళ్ళాం. బ్యాటరీ బండి కోసం కాసేపు ఆగాల్సి వచ్చింది, కానీ దొరికింది. అమ్మని నేరుగా మర్రిచెట్టు దగ్గర దింపాం. శిబ్‌పూర్ వాసి గారు చెప్పినట్టు ముందు అడవి అనుకుంది. "ఇదంతా ఒకటేనా?" అని అడిగి, తల్లి మాను సంగతి చెప్పాక చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత వెదురు గొట్టాలు చూపిస్తే అక్కడున్న తోటమాలిని పిలిచింది. ఆయనకి తెలుగు రాదు, అమ్మకి బెంగాలీ రాదు. ఇద్దరూ చేతులతోనే మాట్లాడుకున్నారు. మట్టిలో ఏం కలుపుతారో, ఎన్నాళ్ళకి ఊడ నేల తాకుతుందో అమ్మ అడిగింది, ఆయన చూపించాడు. చుట్టూ రోడ్డు మీద సగం దూరమే నడవగలిగింది. ఆ సగానికే తృప్తి పడింది.

పిచ్చి చెట్టు దగ్గర రైల్వే క్వార్టర్స్ గారి మాట నిజమైంది. మా వాడు ఆకులు పరిచి వరసలు పెట్టాడు, అక్కడికి వచ్చిన బెంగాలీ పిల్లలు కూడా కలిశారు. కలువ ఆకులు తక్కువే ఉన్నాయి, పువ్వు లేదు. పురుగుల కథ చెప్తే మాత్రం వాడు ఇప్పటికీ అందరికీ చెప్తున్నాడు.

మధ్యాహ్నం తర్వాత నది ఒడ్డుకి వెళ్ళాం. సామర్లకోట కథ అక్కడే చెప్పాను. మేము నిజంగా కాకినాడ దగ్గరివాళ్ళమే, ఆకుపసరు గారూ. మా తాతగారు సామర్లకోటలో పనిచేశారు. అమ్మ ఆ ఊరి పేరు వినగానే చిన్నప్పటి సంగతులు ఎత్తుకుంది: కాలువ గట్టు, అక్కడి చెట్లు, వాళ్ళమ్మ ఏ ఆకు దేనికి వాడేది. ఆ రోజు నేను విన్నవి అంతకు ముందు ఎప్పుడూ చెప్పలేదు. చిత్రకారుల సంగతి కూడా చెప్పాను, చింతతోపు గారూ. "పేరు రాయకపోతేనేం, చెయ్యి తెలుస్తుందిగా" అంది అమ్మ.

జంట కొబ్బరి, పామ్ హౌస్ చూడలేదు. అస్సలు బాధ లేదు. కొత్తగా వెళ్ళేవాళ్ళకి నా మాట: పెద్దవాళ్ళుంటే మర్రిచెట్టుకి, నదికి మధ్య ఎక్కువ పెట్టుకోకండి. బెంచీలు కొన్నిచోట్ల విరిగి ఉన్నాయి, పరుచుకోవడానికి ఒక దుప్పటి తీసుకెళ్ళండి. మరుగుదొడ్లు దూరం దూరంగా ఉన్నాయి, కనిపించినప్పుడే వాడుకోవడం మంచిది. దోమల మందు సలహా మమ్మల్ని కాపాడింది.

చింతతోపు
మీ అమ్మగారి మాట బాగుంది. నేను ఆ చిత్రాల గురించి చదవడం మొదలుపెట్టాను.

మంచుపువ్వు
మీ రాత చదివాక నేనూ వెళ్ళాలని నిర్ణయించుకున్నాను. ఫిబ్రవరిలో వీలవుతుంది. అప్పుడు ప్రత్యేకంగా పూసేవి ఏమైనా ఉన్నాయా?

ఆకుపసరు
ఫిబ్రవరి అయితే ఆమ్హెర్‌స్టియా కోసం వెతకండి. బర్మా చెట్టు. 19వ శతాబ్దంలో ఈ తోట అధికారిగా ఉన్న వాలిచ్ దాన్ని లోకానికి పరిచయం చేశాడు. గవర్నర్ జనరల్ భార్య లేడీ ఆమ్హెర్‌స్ట్ పేరు పెట్టాడు. ఎర్రటి పువ్వులు, మీద పసుపు మచ్చలు, పొడవాటి గుత్తులుగా కిందికి వేలాడతాయి. లేత ఆకులు కూడా రాగి రంగులో వాలిపోయి ఉంటాయి. చలికాలం చివర పూస్తుంది. చెట్టు ఎక్కడుందో గేటు దగ్గర కాకుండా లోపల తోటమాలుల్ని అడగండి, ఏది పూసిందో వాళ్ళకే తెలుసు.

శిబ్‌పూర్ వాసి
మంచుపువ్వు గారూ, శని, ఆదివారాలు రద్దీ ఎక్కువ. మంగళ, బుధవారాల్లో పొద్దున్నే రండి. వచ్చేముందు ఇక్కడ ఒక మాట రాస్తే, ఆ వారం ఏవి పూశాయో చూసి చెప్తాను.